మేస్త్రి తినలేదు

మార్చి 3, మంగళవారం

మేస్త్రి ఈ రోజు కూడా తినలేదు. మూడు రోజులైంది. గింజ వేస్తే పైకి వస్తాడు, నోట్లోకి తీసుకుంటాడు, తుపుక్కున ఉమ్మేసి వెనక్కి తిరుగుతాడు. అక్క కుట్టు మిషను ఆపి మరీ బతిమాలుతోంది. నాలుగేళ్ళుగా ఆ మిషను పక్కనే గాజు తొట్టెలో ఉంటున్నాడు. ఆమె పని సరిగ్గా చేస్తోందో లేదో చూస్తున్నట్టు అద్దానికి మూతి ఆనించి నిలబడతాడని అక్క ఆ పేరు పెట్టింది. అరచేయంత బంగారు చేప. ఈ ఇంట్లో మా ఇద్దరి తర్వాత మూడో మనిషి వాడే.

ఆఫీసులో ఇచ్చిన ఈ డైరీ రెండు నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఈ రోజు తెరిచాను. ఎక్కడో ఒక చోట కక్కకపోతే తల పగిలిపోయేలా ఉంది. అక్కతో చెప్పుకుందామంటే మధ్యలో టేపు చేతికిచ్చి ఎవరి చేతి పొడవో రాయమంటుంది.

మెమో వచ్చింది. నీటి సరఫరా లాబ్‌లో పంతొమ్మిదేళ్ళలో మొదటిది. ఇంజనీరును దాటి పైవాళ్ళకు నేరుగా ఉత్తరం రాశానట, సంజాయిషీ ఇవ్వాలట. రాశాను. అవసరమైతే మళ్ళీ రాస్తాను. గుట్ట కాలనీ కుళాయి నీళ్ళలో క్లోరిన్ సున్నా అని రెండు వారాల క్రితం చెబితే, ఆయన ఇస్త్రీ చొక్కా నలగకుండా కుర్చీలో వెనక్కి వాలి, "ప్లాంటులో మీటరు సరిగ్గానే చూపిస్తోందండీ" అన్నాడు. నీళ్ళు తాగేది ప్లాంటులో మీటరా, కాలనీలో జనమా? క్లోరిన్ లేని నీళ్ళంటే వాంతులు, విరేచనాలు, మంచం పట్టిన పసిపిల్లలు. ఎవరికో ఏదో అయ్యేదాకా ఆగాలా? ఆగలేదు. పైకి రాశాను. క్లోరిన్ మందు పెంచమని ఆర్డరొచ్చింది, పెంచారు. ఆయనకు తల కొట్టేసినట్టయింది, నాకు మెమో వచ్చింది.

అంకె నాది. అది తప్పని చూపించమనండి, అప్పుడు సంజాయిషీ ఇస్తాను.

మార్చి 4

తినలేదు.

మార్చి 5, గురువారం

అక్క దగ్గరకు కొలతలివ్వడానికి వచ్చిన ప్రతి ఒక్కరూ వైద్యులే. గౌను కుట్టించుకోవడానికి వచ్చిన నర్సు మలబద్ధకం అంది. ప్యాంటు పొడవు తగ్గించుకోవడానికి వచ్చిన బస్సు డ్రైవరు చలి అన్నాడు. ఒక పెద్దావిడ కళ్ళద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూసి, "దిగులమ్మా, తోడు లేక" అని తేల్చేసింది. అక్క నా వైపు చూసింది. నన్నెందుకు చూడటం?

నర్సు చెప్పినట్టు బఠాణీ ఉడికించి, తొక్క తీసి, చిన్న ముక్క వేశాం. ఉమ్మేశాడు. ఊహలతో జబ్బు తెలియదు. కొలవాలి. రేపు లాబ్ నుంచి కిట్టు తెస్తాను.

గుట్ట కాలనీలో ఈ రోజూ సున్నా! మందు పెంచిన తర్వాత కూడా! పైవాళ్ళకు ఫోన్ చేశాను. ఇంకా పెంచమన్నారు. సాయంత్రం ఇంజనీరు నా గది గుమ్మంలో నిలబడి, "మేడమ్, ఒక్కసారి మీ సీసాలూ అవీ సరిచూసుకుంటారా?" అన్నాడు.

నాకు! ఈయన నిక్కర్లు వేసుకుని తిరిగే రోజుల్లోనే నేను నీళ్ళు పరీక్షిస్తున్నాను. సరే, అంతకాలం కాకపోవచ్చు. కానీ ఆయన ఉద్యోగంలో చేరేనాటికి మాత్రం నేను అప్పటికే ఈ కుర్చీలో ఉన్నాను. ఫైలు తెరిచి తల దించుకున్నాను. నిలబడి నిలబడి వెళ్ళిపోయాడు.

మార్చి 6, శుక్రవారం

కిట్టూ, మూడు తెల్ల మూత సీసాలూ తెచ్చాను. సీసాలో తొట్టె నీళ్ళు పట్టి చుక్కలు వేశాను. క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబీ రంగుకు తిరగాలి, ఎంత ఎక్కువుంటే అంత ముదురుగా. తిరగలేదు. వంటింటి కుళాయి నీళ్ళకీ అంతే, మహా అయితే ఉందా లేదా అన్నంత ఛాయ.

"నీళ్ళు బ్లీచింగ్ వాసనొస్తున్నాయే," అంది అక్క. "పొద్దున్న టీ పారబోశాను."

"ఇదిగో, నీ ముందే కొలిచాను కదా. ఏమీ లేదు. ముక్కుకు అంకెలు ఉండవక్కా."

"నీ అంకెలకు ముక్కు లేదే."

నాకు ఏ వాసనా తెలియలేదు. పంతొమ్మిదేళ్ళు ఆ మందుల మధ్య ఉన్న ముక్కు, దానికి మల్లెపూలూ ఒకటే, ఫినాయిలూ ఒకటే. అయినా ముక్కు సంగతి ఇప్పుడెందుకు?

నిర్ధారణ: తొట్టె అడుగున పేరుకున్న మురికి. చికిత్స: రోజూ సగం నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోయడం. రెండు బకెట్లు పోశాను.

మార్చి 7

మేస్త్రి పైకి వచ్చి నోరు తెరిచి గాలి మింగుతున్నాడు. రెక్కలు ఒంటికి అతుక్కుపోయాయి. రెండు బకెట్లు మార్చాను. తినలేదు.

మార్చి 8, ఆదివారం

చేపల షాపతను ఫోన్లో వీడియో చూసి బుర్ర గోక్కున్నాడు. "రెక్కలకు పట్టే జబ్బండీ. ఈ నీలం మందు వెయ్యండి, వారంలో లేడిపిల్లలా గెంతుతుంది." నీళ్ళు ఎప్పుడు మార్చారని అడిగాడు. రోజూ మారుస్తున్నానని గర్వంగా చెప్పాను. "రోజూనా?" అన్నాడు. రోజూనే. శుభ్రత తెలియని మనిషి. అతని షాపులో తొట్టెలు చూశాను, గోడలంతా నాచు. చేపలు మాత్రం బాగానే తిరుగుతున్నాయి.

నీలం మందు వేశాక తొట్టె సిరా బుడ్డిలా తయారైంది. అక్క దాని ముందు ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, "కనబడు నాయనా, ఒక్కసారి కనబడు" అంటూ వేడుకుంటోంది. అక్క కళ్ళలో నీళ్ళు తిరగడం చూశాను. బావ పోయినప్పుడు నలుగురి ముందూ ఏడవని మనిషి.

వీణ్ణి బతికిస్తాను. ఎవరేమన్నా సరే.

మార్చి 10

విచారణ పదిహేడున. వినేది హెడ్డాఫీసు నుంచి వచ్చే అధికారిణి. నా రిపోర్టులన్నీ జిరాక్సు తీసి పెట్టుకున్నాను. రమ్మనండి.

మార్చి 13, శుక్రవారం

రెండు రోజులు మీటింగు పనిమీద ఊళ్ళో లేను. వెళ్ళేటప్పుడు అక్కకు పదిసార్లు చెప్పాను, రోజూ రెండు బకెట్లు మార్చమని. స్కూలు యూనిఫారాల పని మీద పడి ఒక్క చెంబు కూడా మార్చలేదట. ముఖం వాచేలా చీవాట్లు పెడదామని తొట్టె దగ్గరకు వెళ్ళాను.

మేస్త్రి బాగున్నాడు! తినలేదు కానీ కిందికి దిగాడు. రెక్క విప్పాడు. నీలం మందు పనిచేస్తోందన్నమాట. ఇప్పుడు అశ్రద్ధ చేస్తే చేసిందంతా మట్టిపాలవుతుంది. మొత్తం కొత్త నీళ్ళు పోశాను. ఈసారి సగం కాదు, అంతా.

మార్చి 14, శనివారం

పొద్దున్నకి ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నాడు. మొప్పల కింద ఎర్రగా, పుండులా ఉంది.

అక్క ఒక్క మాటే అంది. "నువ్వు లేనప్పుడే బాగున్నాడు."

"అంటే? నా వల్లే అంటావా?"

"నేనేం అనలేదు. చూసింది చెప్పాను."

"నువ్వు చూస్తే అయిపోతుందా అక్కా? అన్నీ కొలిచే కదా చేస్తున్నాను!"

చిన్నప్పటి నుంచీ ఇంతే. నేను పెట్టిన మొక్క ఎండిపోతే ఎక్కువ నీళ్ళు పోశావంటుంది, నాకు జ్వరమొస్తే వానలో తిరిగావంటుంది. తలుపు దభాలున వేసి నా గదిలోకి వచ్చేశాను. వచ్చే ముందు రెండు బకెట్లు మార్చాను.

మధ్యాహ్నం హెడ్డాఫీసులో పనిచేసే స్నేహితురాలి ఫోన్. ఫైలు నాకే అనుకూలంగా ఉందట. ఇంజనీరును ఎక్కడో అడవి అంచున పంపుహౌసుకు బదిలీ చేసే కాగితం కూడా టైపయిందట. గెలిచాను. ఫోన్ పెట్టేసి ఎవరికైనా చెబుదామని చూశాను. అక్క మిషను మీద వంగి ఉంది. చెప్పలేదు.

మార్చి 15, ఆదివారం

ఇది వివరంగా రాయాలి. ఎక్కడా దాచకుండా రాయాలి.

పొద్దున్న తొట్టె నీళ్ళు పరీక్షిద్దామంటే సీసాలు కనబడలేదు. ఒకదాంట్లో అక్క మిషను నూనె పోసుకుంది. ఒకదాంట్లో గుండీలు. మూడో దాంట్లో సూదులు. "ఖాళీగా పడున్నాయని వాడుకున్నా, ఏం?" అంది. ఆమెతో వాదన పెట్టుకునే ఓపిక లేక, టీ గ్లాసులో కుళాయి నీళ్ళు పట్టి చుక్కలు వేశాను.

నీళ్ళు గులాబీ కాదు, దానిమ్మ గింజ రంగుకు తిరిగాయి.

గ్లాసుకు సబ్బు అంటుకుని ఉందనుకున్నాను. కడిగాను. మళ్ళీ అదే రంగు. ఇంకో గ్లాసు. అదే. స్టీలు గిన్నె. అదే. స్కూటరు డిక్కీలో ఆఫీసు కొత్త సీసాలు రెండు ఉన్నాయి, తెచ్చి ఒకదాన్ని అదే కుళాయి కింద పట్టి అవే చుక్కలు వేశాను. మార్పు లేదు. మంచినీళ్ళలా ఉన్నాయి. రెండో ఖాళీ సీసా బోర్లించి కిటికీ వెలుతురులో చూశాను. అడుగున సన్నగా, తెల్లగా, ఉప్పు ఆరినట్టు పొర.

నాకు అప్పుడే అర్థమైపోయింది. అర్థం కానట్టు ఇంకో గంట పరీక్షలు చేశాను.

మా లాబ్‌లో రెండు రకాల సీసాలు. ఎర్ర మూతవి సూక్ష్మజీవుల పరీక్షకు. వాటి అడుగున చిటికెడు పొడి ఉంటుంది, క్లోరిన్ తగలగానే దాన్ని చంపేస్తుంది. లేకపోతే దారిలోనే క్లోరిన్ ఆ జీవులను చంపేసి లెక్క తప్పుతుంది. తెల్ల మూతవి ఖాళీవి, క్లోరిన్ కొలవడానికి. తెల్ల మూత నాది, ఎవరూ ముట్టుకోకూడదు. పదేళ్ళుగా ఆ లాబ్‌లో అదే శాసనం.

ఆఫీసుకు వెళ్ళాను. ఫిబ్రవరి పదహారున కొత్త సీసాలు దిగిన అట్టపెట్టె ఎక్కడుందని వాచ్‌మన్‌ను అడిగితే, తన చెప్పులు పెట్టుకుంటున్న పెట్టె చూపించాడు. పక్కన చీటీ మీద అచ్చేసి ఉంది: సూక్ష్మజీవుల పరీక్షకు మాత్రమే. కొత్త కంపెనీ అన్నిటికీ తెల్ల మూతలే పెట్టి పంపింది. స్టోరు గుమస్తా పెట్టె విప్పి, మూత రంగు చూసి, నా అలమరలో సర్దాడు. నేను పదిహేడున మొదటి సున్నా రాశాను.

అంటే గుట్ట కాలనీలో క్లోరిన్ ఎప్పుడూ తగ్గలేదు. నా సీసా దాన్ని చంపింది. నేను అరిచాను, పెంచారు. నా సీసా మళ్ళీ చంపింది. మళ్ళీ అరిచాను, మళ్ళీ పెంచారు. ఆ నీళ్ళే ఊరంతా తాగుతోంది. ఆ నీళ్ళే నేను మేస్త్రి నెత్తిన రోజుకు రెండేసి బకెట్లు కుమ్మరించాను. వాడు తిండి మానేసింది మందు పెంచిన వారంలోనే, అక్క మామూలుగా తొట్టె నీళ్ళు మార్చాక. వాడి మొప్పలు కాలిపోయాయి.

ప్లాంటుకు ఫోన్ చేశాను. ఆపరేటరు ఎత్తి, "చెప్పండి మేడమ్" అన్నాడు.

"ఏం లేదు. మోటారు నడుస్తోందా అని."

"నడుస్తోంది మేడమ్."

పెట్టేశాను. ఇది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

లాబ్‌లో ఉన్న ఆ పొడి కొంచెం పొట్లం కట్టుకుని వచ్చాను. బకెట్టు నీళ్ళలో చిటికెడు కలిపి, టీ గ్లాసులో పరీక్షించి, రంగు రాలేదని నాలుగుసార్లు చూసుకుని తొట్టెలో పోశాను. నా పరువు తీసిన పొడి వాడి ప్రాణమైనా నిలబెట్టాలి. "ఇదేం కొత్త మందే?" అంది అక్క. షాపతను ఇచ్చాడని చెప్పాను.

మార్చి 16, సోమవారం

ఎవరికీ తెలియదు. సీసాలు తీసేసి, పాత మిగులు సీసాలతో పరీక్షించి, "మందు సరిపడా చేరింది, ఇక తగ్గించవచ్చు" అని ఒక్క లైను రాస్తే చాలు. నేను చెప్పినట్టే పెంచారు, నేను చెప్పినట్టే తగ్గిస్తారు. ఇంజనీరు పంపుహౌసుకు పోతాడు. తప్పు కంపెనీది. మూతలు మార్చింది వాళ్ళు. నేను కాదు.

ఈ వాక్యాలన్నీ పొద్దున్న స్కూటరు మీద పోతూ పదిసార్లు అనుకున్నాను. బాగానే ఉన్నాయి.

గుట్ట కాలనీకి టీ గ్లాసు పట్టుకుని వెళ్ళాను. మూడు కుళాయిలు. మూడూ దానిమ్మ రంగే. కుళాయి దగ్గర బట్టలుతుకుతున్న ఆవిడ నన్ను గుర్తుపట్టి చేతులు చాపింది. వేళ్ళ సందుల్లో ఎర్రగా పగిలిపోయి ఉన్నాయి. "పోయిన వారం మీరే సబ్బు మార్చమన్నారు. మార్చాను. తగ్గలేదు" అంది. నిజమే, నేనే అన్నాను. చూడకుండా, స్కూటరు దిగకుండా అన్నాను.

అక్కడే నిలబడి ఇంజనీరుకు ఫోన్ చేశాను. "మందు తగ్గించండి. ఇప్పుడే. పాత లెక్కకు తీసుకురండి."

"మీరు... తగ్గించమంటున్నారా?"

"నేనే. ఎందుకో రేపు అందరి ముందూ చెబుతాను."

"సరే మేడమ్" అన్నాడు.

మేస్త్రి నిటారుగా ఉన్నాడు. తినలేదు.

మార్చి 17, మంగళవారం

విచారణ గదిలో పొడుగు బల్ల. ఒక కొసన హెడ్డాఫీసు అధికారిణి, ఇంకో కొసన ఇస్త్రీ చొక్కా ఇంజనీరు, గోడవారగా స్టోరు గుమస్తా. నేను జగ్గు, టీ గ్లాసు, సీసా పట్టుకుని వెళ్ళాను.

అధికారిణి నవ్వుతూ మొదలుపెట్టింది. నా అప్రమత్తత మెచ్చుకోదగ్గదట. మెమో ఉపసంహరిస్తున్నారట. ఇంజనీరు బల్ల మీద తన వేళ్ళను చూసుకుంటున్నాడు. ఆ క్షణం కోసం నేను నెల రోజులుగా కాచుకుని ఉన్నాను. ఎంత బాగుంటుందో అనుకున్నాను. బాగాలేదు.

"నా అంకె తప్పు," అన్నాను.

జగ్గులో నీళ్ళు గ్లాసులో కొంచెం, సీసాలో కొంచెం పోశాను. చుక్కలు వేశాను. గ్లాసు ఎర్రబడింది. సీసా అలాగే ఉంది. పెట్టె మీది చీటీ చింపి తెచ్చాను, బల్ల మీద పెట్టాను. గుమస్తా ముఖం పాలిపోయింది. "నువ్వు భయపడకు," అన్నాను అతనితో. "మూత చూసి సర్దమని నీకు నేర్పింది నేనే."

అధికారిణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "సరఫరా చేసిన వాళ్ళ పొరపాటు కదమ్మా. అలా రాసుకుందాం."

"కొత్త సీసాలొస్తే వాడే ముందు పరీక్షించాలని మా లాబ్ గోడ మీద కాగితం ఉంది మేడమ్. రాసింది నేను. ఈసారి నేనే పరీక్షించలేదు. ఈయన వచ్చి సీసాలు సరిచూసుకోమని అడిగారు కూడా. ముఖం తిప్పుకున్నాను."

"ఎందుకు?"

"నేను తప్పు చేయనని."

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్, ఇక్కడితో వదిలేద్దాం. నిన్న సాయంత్రమే మందు తగ్గించాం. లోపల్లోపల సరిచేసుకుంటే పోతుంది. ఊళ్ళో తెలిస్తే మనందరికీ తలనొప్పి."

అప్పుడొచ్చింది నాకు కోపం. నెల రోజుల్లో సరైన కోపం అదొక్కటే.

"వదలను. మీ మీద ఉత్తరం రాసినప్పుడు నాలుగు కాపీలు పంపాను. నా తప్పుకూ నాలుగు పంపుతాను. ఇరవై రోజులు ఊరి నీళ్ళలో మందు ఎక్కువైందని ప్రతి కుళాయి దగ్గరా కాగితం అంటించాలి. వాళ్ళ చేతులు చూశారా మీరు? ఒక్కసారి, ఒకే ఒక్కసారి మీరు ఆ కుళాయి దగ్గరకు వచ్చి ఉంటే వాసనకే తెలిసేది!"

"వచ్చి వాసనొస్తోందని చెబితే నమ్మేవారా?"

ఆలోచించాను. "నమ్మేదాన్ని కాదు. అయినా మీరు రావాల్సింది."

అధికారిణి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "నాకు అర్థం కావడం లేదు. ఈవిడ మీద ఈవిడే పోట్లాడుతోందా?" అంది. అవును. తగిన మనిషే దొరికింది, ఎందుకు వదులుతాను?

కాగితం రాసి సంతకం పెట్టి వచ్చాను. నన్ను లాబ్ నుంచి తీసి ఫిర్యాదుల కిటికీలో కూర్చోబెడతారట. ఇంజనీరు బదిలీ ఆగిపోయింది.

అదే రోజు, సాయంత్రం

అక్కకు చెప్పాను.

అధికారిణికి చెప్పినంత సులువు కాదు. రెండుసార్లు నీళ్ళు నమిలాను. "ఏంటే, నిలబడ్డావు?" అంది మిషను తొక్కుతూనే. మూడోసారి మొత్తం చెప్పేశాను. సీసా, పొడి, మందు, బకెట్లు, షాపతను పేరు చెప్పి ఆడిన అబద్ధంతో సహా.

కాలు ఆపింది. చక్రం దానంతటదే కాసేపు తిరిగి ఆగింది.

"ఎన్ని బకెట్లు పోశావు?"

"పద్నాలుగు. పదమూడున మొత్తం మార్చినవి కాక."

"వాసనొస్తోందని చెప్పాను. నువ్వు లేనప్పుడు బాగున్నాడని చెప్పాను. వాడైతే నోరు తెరుచుకుని మరీ చెప్పాడు. ఒక్కసారన్నా విన్నావా?"

"వినలేదు."

"ఎందుకని?"

ఏదో ఒకటి చెప్పాలి. నిజమే చెప్పాను. "నువ్వు కొలిచి చెప్పలేదని."

అక్క మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టింది.

"ముప్పై ఏళ్ళుగా కొలతల మీదే బతుకుతున్నానే నేను," అంది. "నిన్ను చదివించింది కూడా ఆ కొలతలే."

అంతే. తొట్టెకు అడ్డంగా తన కుర్చీ జరుపుకుని కూర్చుంది.

మార్చి 18

మాట్లాడలేదు. తినలేదు.

మార్చి 19

మాట్లాడలేదు. తినలేదు. తొట్టె దగ్గరకు నన్ను రానివ్వడం లేదు. పొడి కలిపి, పరీక్షించి, బకెట్టు గుమ్మం దగ్గర పెట్టి తప్పుకుంటున్నాను. నేను పక్క గదిలోకి వెళ్ళాక వచ్చి తీసుకుంటుంది. తీసుకునే ముందు వంగి వాసన చూస్తుంది. చూడనీ.

మార్చి 21, శనివారం

గుట్ట కాలనీలో కాగితాలు నేనే అంటించాను. జిగురు డబ్బా, బ్రష్షు, నేను. కింద నా హోదా కూడా వేయించాను. చేతులు పగిలిన ఆవిడ నిలబడి నాతో అంతా చదివించుకుని, "అంటే సబ్బుది కాదన్నమాట" అంది.

"కాదు. నాది."

నోటికొచ్చినట్టు తిట్టింది. వీధి వీధంతా వచ్చి విన్నది. ఫిర్యాదు రాసివ్వమన్నాను, నాకు రాయడం రాదంది. ఆమె చెబుతుంటే నేనే రాశాను, నా మీద. ఒక చోట తిట్టు కొంచెం మెత్తగా రాస్తే చదివించుకుని పట్టుకుంది, మళ్ళీ సరిగ్గా రాయించింది.

ఇంటికొచ్చేసరికి అక్క కుర్చీలో కునుకు తీస్తోంది. దొంగలా వెళ్ళి తొట్టెలో చూశాను. మొప్పల కింద ఎరుపు తగ్గింది. పొట్ట లోపలికి పోయింది. తినకుండా మూడు వారాలు. ఇంకెంతకాలం ఉంటాడు?

మార్చి 22

తినలేదు. అక్క కూడా సరిగ్గా తినడం లేదు. పళ్ళెంలో పెట్టింది పెట్టినట్టే ఉంది.

మార్చి 24, మంగళవారం

చచ్చిపోతాడేమో. ఆ మాట ఇంతవరకు రాయలేదు, ఇప్పుడు రాశాను. చచ్చిపోతే అక్క నాతో ఈ జన్మలో మాట్లాడదు. మాట్లాడకపోయినా బకెట్టు పెడుతూనే ఉంటాను. ఖాళీ తొట్టెకైనా సరే పెడతాను. ఎవరేమనుకున్నా నాకు లెక్కలేదు.

లెక్క ఉంది. చాలా ఉంది.

మార్చి 26, గురువారం

పొద్దున్న ఆఫీసుకు తయారవుతున్నాను. ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండో దాని కోసం వెతుకుతున్నాను.

"ఒసేయ్!"

తొమ్మిది రోజుల తర్వాత అక్క గొంతు. ఏమైందో అని ఒంటి చెప్పుతోనే పరిగెత్తాను. అక్క తొట్టె మీదికి వంగి, కదలొద్దన్నట్టు వెనక్కి చేయి చాపి నిలబడి ఉంది. మేస్త్రి నోట్లో గింజ ఉంది.

"ఉమ్మేస్తాడు," అన్నాను.

"నోరు మూసుకోవే."

ఇద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. మొప్పలు రెండుసార్లు ఆడాయి. బుగ్గలు కదిలాయి. గింజ బయటికి రాలేదు. నిదానంగా చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, పైకి వచ్చి, ఇంకోటి ఏదన్నట్టు మూతి పెట్టాడు. అక్కకు డబ్బా మూత రాలేదు. నేను తీసిచ్చాను. తీసుకుంది. రెండోదీ మింగాడు.

నేను ఏడ్చాను. అక్క చూస్తుండగానే ఏడ్చాను.

"నీ మీద నాకు కోపం పోలేదు," అంది, తొట్టె మీంచి కళ్ళు తిప్పకుండా.

"పోనక్కర్లేదు. తిట్టు. నోరు మూసుకుని మాత్రం ఉండకు."

తిట్టింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టిందని, నేను ఏడో తరగతిలో ఆమె కత్తెర పోగొట్టి పక్కింటి వాళ్ళ మీదికి నెట్టిన దగ్గర్నుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్కటీ ఏకరువు పెట్టింది. ఆ కత్తెర నేనే పోగొట్టానని కూడా ఒప్పుకున్నాను. ముక్కాలి పీట వేసుకుని అన్నీ విన్నాను. మధ్యలో మేస్త్రి మూడోది తిన్నాడు.

ఆఫీసుకు గంటన్నర ఆలస్యంగా వెళ్ళాను. హాజరు పుస్తకంలో ఆలస్యానికి కారణం రాయాల్సిన గడిలో "మా చేప తిన్నది" అని రాశాను. ఎవరైనా అడిగితే మళ్ళీ అదే చెబుతాను.